అరవై వేల కామ

నంద్యాల గాంధీ చౌక్ వెనక సందులో సీతారాంకు ఇనుప సామాన్ల అంగడి ఉంది. అక్కడికొచ్చే ప్రతివాడూ ఏదో ఒకరోజు అడిగే ప్రశ్న ఒకటుంది: "రేటెక్కువది కొంటే ఏం వస్తాదమ్మా?" గల్లాపెట్టె దగ్గర కూర్చునే సీతారాం భార్య మహానందమ్మకు జవాబు నోట్లోనే ఉండేది. ఆకురాయికి ఒకటి, రంపానికి ఒకటి, ఉలికి ఇంకొకటి. చదువు పదో తరగతితోనే ఆగిపోయినా, పాతికేళ్లు ఆ పెట్టె దగ్గర కూర్చున్నందుకు ఆ మాత్రం తెలిసింది.

ఆ శుక్రవారం కూతురు సుష్మ బెంగుళూరు నుంచి వచ్చింది. గుడ్డసంచిలోంచి ఒక నల్లటి కాడ తీసి బల్లమీద పెట్టింది.

"అరవై రెండు వేలు మా. కొనిస్తావా?"

మహానందమ్మ చేతిలో ఉన్న మేకుల పొట్లం అలాగే ఉండిపోయింది.

సుష్మ ఆడేది గోల్ఫ్. నంద్యాల బడిలో సాఫ్ట్‌బాల్ ఆడేటప్పుడు ఆ పిల్ల కొట్టిన బంతులు గోడ దాటి వెళ్లేవి. బెంగుళూరులో డిగ్రీకి చేరాక అక్కడొక కోచ్ ఆ చేతి ఊపు చూసి గోల్ఫ్ కట్టె పట్టించాడు. అందులో అన్నిటికన్నా దూరం కొట్టే కట్టెను డ్రైవర్ అంటారని, కింద గుండుచెంబులాంటి తలకాయ, పైన రబ్బరు పిడి, మధ్యలో ఉండే కాడను షాఫ్ట్ అంటారని ఫోన్లో ఎప్పుడో చెప్పింది. మహానందమ్మ మాత్రం దాన్ని కామ అనే అనేది. సుత్తికి కామ, గొడ్డలికి కామ, దీనికీ కామే.

"ఇప్పుడుండే కామకేమైంది? ఇరిగిందా?"

"ఇరగలే మా. అది డ్రైవరుతో పాటు ఊరికే వచ్చింది. ఆడ ఆడే పిల్లోల్లందరికీ ఇట్లాంటివే ఉండాయి. ముందు కట్టె చూస్తారు, తర్వాతనే మొగం చూస్తారు."

"ఇది ఇరిగితే?"

"ఇరగదు. కార్బన్ మా."

"ఎవురన్నా ఎత్తకపోతే?"

"మా!"

"పిడుగు పడితే? కార్బన్ అంటాండావు. చేలో ఒక్కదానివే పైకెత్తి పట్టుకుంటావు."

లోపల చువ్వలు లెక్కపెడుతున్న సీతారాం నవ్వాపుకోలేకపోయాడు. "మాఘమాసంలో పిడుగేందే? మే సుష్మా, మీయమ్మ ఇంగా భూకంపం కాడికి రాలా. కూసో." తర్వాత నవ్వు తగ్గించి భార్యతో అన్నాడు. "కామల సంగతి నీకే ఎరుక. నువ్వు సరే అంటే ఇచ్చేస్తా, వద్దంటే వద్దు. నన్ను మధ్యలో పెట్టాకండి."

సోమవారం బెంగుళూరులో ఒక అకాడమీ ఎంపిక. నలుగురు పిల్లల్ని తీసుకుంటారు. నెగ్గితే రెండేళ్లు శిక్షణ, హాస్టలు, పోటీల ఖర్చు అంతా వాళ్లదే. నెగ్గకపోతే డిగ్రీతో పాటు ఆటా అయిపోతుంది. అంగడి మీద అంతకన్నా లాగడం కుదరదని ముగ్గురికీ తెలుసు. కామ అమ్మే బెంగుళూరు అంగడివాళ్లు వారం రోజులు కొట్టి చూసుకోమన్నారు. గీత పడకుండా తిరిగిస్తే సరి.

మహానందమ్మకు రెండు భయాలు పట్టుకున్నాయి. కొనిచ్చాక పిల్ల నెగ్గకపోతే, అంత సొమ్ము పోసిన కట్టె ఇంట్లో మూలన నిలబడి రోజూ కనబడుతుంది. కొనివ్వక పిల్ల నెగ్గకపోతే, మా అమ్మ ఒక్క కట్టె కొనివ్వలేదన్న మాట జన్మంతా నిలబడుతుంది. ఏ భయం పెద్దదో ఆమె ఎంతసేపటికీ తేల్చుకోలేకపోయింది.

కామను చేతిలోకి తీసుకుంది. బరువే లేదు. చూపుడు వేలంత కూడా లేని కొస, అద్దంలాంటి నునుపు. తక్కెట్లో పెడితే ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఇంత తేలికైనది అంత గట్టిగా ఎలా ఉందో, ఏ మనిషి చేశాడో. వెదురూ తుమ్మా ఎరిగిన చెయ్యి అది, దీన్ని మాత్రం పోల్చుకోలేకపోయింది.

"రేపు ఆళ్లగడ్డకు పోదాం, రెండు కామలూ తీస్కో" అంది.

"ఆడేముంది మా?"

"రుద్రాచారి ఉండాడు."

సుష్మ నోరు తెరిచింది. "శిల్పాలు చెక్కే తాతనా? ఆయప్పకు గోల్ఫ్ ఏం తెలుసు?"

"కామ తెలుసు. ఇరవైయేండ్లాయ మనకాడ సుత్తులకు కామలు కొనబట్టి. నలభై కామలు తీసి పక్కనపెట్టి ఒక్కటి తీస్కపోతాడు. మీ నాయన తిట్టుకుంటాడు గానీ, ఆయప్ప తీస్కపోయిన కామ ఇరిగిందని ఒక్కనాడూ తిరిగి రాలా."

మర్నాడు పొద్దున బస్సులో సంచి చూసి కండక్టరు "తుపాకీనా ఏందమ్మా?" అని నవ్వాడు. దారి పొడవునా మహానందమ్మ ఆ సంచిని ఒళ్లో పసిపిల్లలా పడుకోబెట్టుకుంది. శిరివెళ్ల దగ్గర గుంతలో బస్సు ఎగిరినప్పుడు సంచిని రెండు చేతులా పైకెత్తి, తన తల కిటికీకి కొట్టుకున్నా చూసుకోలేదు.

ఆళ్లగడ్డ ఊరి చివర రుద్రాచారి కార్ఖానా. రేకుల కింద సగం చెక్కిన నందులు, మొహం ఇంకా రాని అమ్మవారు, అంతా తెల్లటి రాతిపొడి. అరవై ఎనిమిదేళ్ల ఆచారి ఉలి పక్కనపెట్టి, కనుబొమల మీది పొడి దులుపుకొని సంగతంతా విన్నాడు. నవ్వలేదు.

"యాది, ఇట్టా తే శెట్టెమ్మా."

పాత కామకున్న తలకాయ ఊడదీయించాడు. అరవై వేలదాని రబ్బరు పిడికి గోనెపట్టా చుట్టి, బల్లకున్న ఇనుప దవడల వైసులో పెట్టి బిగించసాగాడు.

"ఆచారన్నా, పగులుతాదేమో!"

"పగల్దు."

"గీత పడితే తీసుకోరంట. ఇంగో పట్టా ఎయ్ అన్నా. ఇంగోటి."

"నీ చీర కూడా ఇయ్యి శెట్టెమ్మా, చుడతా" అన్నాడు ఆచారి, మూడో పట్టా చుడుతూ.

కామ కొసకు చిన్న ఇత్తడి తూకంగుండు కట్టాడు. వేలితో కిందికి నొక్కి వదిలాడు. గుండు పైకీ కిందికీ ఊగింది. ఆచారి కళ్లు చికిలించి చూస్తూ కూర్చున్నాడు. అది నిలువుగా తప్ప ఇంకెటూ కదలలేదు. వైసు సడలించి కామను కొంచెం తిప్పి మళ్లీ వదిలాడు. మళ్లీ నిలువే. ఎనిమిది సార్లు తిప్పాడు. ఎనిమిది సార్లూ గాలిలో గీత గీసినట్టు అదే దారి.

ఆచారి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏ పక్కన తిప్పినా ఒకే తీరు ఊగే కామ నా జన్మలో చూడలా. కట్టెలో ఈనె ఉంటాది, ముడి ఉంటాది, ఒక పక్క ఎండ తిని ఉంటాది. దీంట్లో ఏం ల్యా. దీన్ని చేసినోనికి దండం పెట్టాల."

మహానందమ్మకు నిజంగానే చేతులు జోడించబుద్ధయింది.

ఊరికే వచ్చిన పాత కామను బిగించి వదిలితే, గుండు నాలుగు సార్లు నిలువుగా ఊగి, తర్వాత కోడిగుడ్డు ఆకారంలో చుట్టు తిరగడం మొదలుపెట్టింది. తిప్పి వదిలితే ఇంకొక తీరు. ఒక్క చోట మాత్రం, పిడి మీది గుర్తు పైకొచ్చిన చోట, నిలువుగా ఊగింది.

"ఆ తావుకే బిగించినారు. మంచిదే" అన్నాడు ఆచారి. "ఇది కొంచెం నిదానంగా ఊగుతాది. మెత్తది. అది బిరబిరా ఊగుతాది. చానా గట్టిది."

"అయితే గట్టిదే మేలు గదా తాతా?" అని సుష్మ ఆశగా అడిగింది.

"అది నన్నెందుకు అడుగుతావు? ఎనక చేను ఉంది. కొట్టు."

కార్ఖానా వెనక యెషయా అనే రైతుది ఆరెకరాల చేను. శనగ కోసేసి వారమైంది. నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. ఎవరో తన చేలో నిలబడ్డారని యెషయా కొడవలితోనే వచ్చాడు. సంగతి తెలిసి గట్టుమీద చతికిలబడ్డాడు.

"నా చేలో ఏం కొట్టినా నాకేం బాధ ల్యా అక్కా. ఆ పక్క మిరపచేనూ నాదే. దాండ్లో పడకుంటే చాలు."

సుష్మ కొత్త కామకు తలకాయ బిగించి, చెప్పులు విప్పి బూట్లు వేసుకుంది. చిన్న కొయ్య మేకు మీద తెల్ల బంతి నిలబెట్టింది. మహానందమ్మ కూతురి వెనక నిలబడి ఎప్పటిలాగే కళ్లు మూసుకోబోయింది. బడిలో సాఫ్ట్‌బాల్ పోటీలకు వెళ్లినప్పుడు కూడా ఆమె చూసింది తక్కువ. బంతి పిల్ల మొహానికి తగులుతుందని చీర చెంగు నోట్లో కుక్కుకొని కూర్చునేది. ఈసారి మూసుకునేలోపే పిల్ల నడుము తిరిగింది.

గాలి చీలిన చప్పుడు. వెంటనే రేకు మీద రాయి పడ్డట్టు ఠంగుమంది. బంతి మేకు మీద లేదు. మహానందమ్మ కింద వెతికింది.

"పైన మా. పైన చూడు."

నీలం మీద బియ్యపు గింజంత తెలుపు. ఇంకా ఎక్కుతూనే ఉంది. చేను సగం దాటింది, తుమ్మచెట్టు దాటింది. ఎక్కడం ఆగాక, పడాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు కాసేపు అక్కడే ఉంది. ఆ తర్వాత చల్లగా దిగింది. దూరాన నల్లనేల మీద చిటికెడు దుమ్ము లేచింది.

గట్టుమీద యెషయా లేచి నిలబడ్డాడు. "యప్పా!"

బడి కుళాయి దగ్గర జారిపడుతుందని ఐదో తరగతి దాకా తనే నీళ్ల సీసా మోసుకెళ్లి ఇచ్చిన పిల్ల. ఆ పిల్ల భుజంలో ఇంత దూరం దాగి ఉందా? తన ఒంట్లోంచి వచ్చిన ఒంట్లోనేనా?

లెక్క తేల్చే దారి ఆచారే చెప్పాడు. పది బంతులు దీనితో, పది బంతులు దానితో, ఒకటి మార్చి ఒకటి. చిన్న పానాతో తలకాయను ఒక కామ నుంచి ఇంకో కామకు మార్చడం సుష్మ పని. బంతి పడిన చోట ముగ్గువేసినట్టు గుర్తు పెట్టడం మహానందమ్మ పని. అరవై వేలదానికి తెల్లటి రాతిపొడి, పాతదానికి రాళ్లమీద గీతలు గీసుకునే ఎర్రటి కావి.

"ఆడ నిలబడితే నా తలకాయ పగల్దా?" అంది మహానందమ్మ.

ఆచారి తన కార్ఖానాలోని పసుపుపచ్చ హెల్మెట్ తెచ్చి పెట్టాడు. అది కళ్లదాకా దిగింది. రెండు చేతుల్లో రెండు పొడి డబ్బాలతో, కొంగు బిగించి, రెండు వందల గజాల దూరాన తుమ్మచెట్టు చాటుకు ఆమె నడుస్తుంటే యెషయా అరిచాడు. "అక్కా, ఎలచ్చన్లకు గుర్తు సరిపోతాది!"

ఇరవై బంతులయ్యాయి. తెల్లచుక్కలు ఒక కల్లం అంత చోట్లో ఒత్తుగా కుదిరాయి. ఎర్రచుక్కలు రెండు కల్లాలంత పరుచుకున్నాయి. మహానందమ్మ వాటి మధ్యన నిలబడి చూసింది. తేలిపోయింది. అంగడికొచ్చే వాళ్లకు ఇన్నేళ్లూ తాను చెప్పిన జవాబులన్నిటి సారమే: రేటెక్కువది గురి తప్పదు. భయం భయంగానే ఒక తేలిక కలిగింది. పరుగున వచ్చి ఆయాసపడుతూ కూతురికి చెప్పింది. "తెల్లదే మే. కొంటాం."

సుష్మ ఆమెను హెల్మెట్‌తో సహా కావిలించుకుంది.

"అప్పుడే కొనాకండి" అన్నాడు ఆచారి. "పొద్దున కొట్టే దెబ్బకు ఏ కామైనా మంచిదే. నేను కామ కొనేది సాయంత్రం దెబ్బ కోసరం. పాపా, సోమారం ఆట ఎంతసేపు?"

సుష్మ తల్లిని వదిలి ఆచారి వైపు తిరిగింది. "రెండు రౌండ్లు తాతా. పొద్దున ఒకటి, మధ్యాన్నం ఒకటి. నడవాల. పదారు కిలోమీటర్లు కావచ్చు."

"అయితే నడువు."

ఆ రోజు ఆచారి ఆ పిల్లను వదల్లేదు. కొట్టిన బంతులు తనే నడిచి ఏరుకురమ్మన్నాడు. నెర్రెల్లో దూరిన బంతుల్ని యెషయా కొడవలి మొనతో పైకి లాగి ఇచ్చాడు. మళ్లీ కొట్టు, మళ్లీ నడువు. మజ్జిగ తాగించి మళ్లీ. మహానందమ్మ రెండుసార్లు అడ్డం వచ్చింది. ఎండదెబ్బ తగుల్తాదని ఒకసారి, నరం పట్టేస్తుందని ఒకసారి. రెండుసార్లూ కూతురే "మా, నువ్వు నీ చెట్టుకాడికి పో" అంది.

మూడు దాటింది. తుమ్మచెట్టు చాటు నుంచి మహానందమ్మ ముందు పట్టించుకోలేదు. ఒక తెల్లచుక్క కల్లం బయట పడింది. పోనీ, గాలి అనుకుంది. తర్వాతిది ఇంకా అవతల పడింది, మిరపచేను వైపు. ఎర్రది పడింది, పొద్దున పడిన చోటికి కొంచెం ఇవతలగా, ఎర్రవాటి మధ్యనే. మళ్లీ తెల్లది మిరపచేను గట్టు మీద పడింది. ఆ తర్వాతిది మిరపలోకే వెళ్లింది. యెషయా "అక్కా!" అని మొత్తుకున్నాడు.

మహానందమ్మ పొడి డబ్బా పట్టుకొని ఆగిపోయింది.

అంత దూరం నుంచి పిల్లకు చుక్కలు కనబడవు. బంతి పైకి లేచి ఎటో వెళ్లడం కనబడుతుంది గాని, ఎండకు కళ్లు చికిలిస్తూ ఎంత పక్కకు వెళ్లిందో తెలియదు. ఇక్కడ రాసిపెట్టింది చదవగలిగింది తానొక్కతే. చెబితే పిల్ల గుండె జారుతుంది. ఎల్లుండే ఎంపిక. ఇష్టపడ్డ కామ చేతిలో లేదన్న దిగులుతోనే నిలబడుతుంది. చెప్పకపోతే నవ్వుకుంటూ కొనుక్కొని పోతుంది. మధ్యాహ్నం రౌండులో బంతి ఎటు పోతుందో అప్పుడు చూసుకుంటుంది, పక్కన తల్లి ఉండదు. డబ్బాలోంచి పొడి వేళ్ల సందుల్లో కారింది. గట్టు మీద పడిన బంతికి రెండడుగులు ఇవతల చుక్క పెడితే ఎవరికి తెలుస్తుంది?

ఆమె గట్టు దాకా నడిచింది. బంతి పడిన గుంటలోనే తెల్లపొడి పోసింది. మిరపలోకి వెళ్లి అక్కడా పోసింది. హెల్మెట్ పైకి నెట్టుకొని గట్టిగా పిలిచింది.

"మే సుష్మా! ఈడికి రా. నువ్వే చూస్కో."

సుష్మ వచ్చింది. మొహం కందిపోయింది. రెండు చేతులూ వేలాడుతున్నాయి. ఆ నల్లనేల మీద తల్లి పెట్టిన చుక్కల్ని చూస్తూ నిలబడింది. పొద్దుటి ఒత్తైన తెలుపు, దాన్నుంచి విడిపోయి పక్కకు, ఇంకా పక్కకు పోయిన తెలుపు. ఎరుపు మాత్రం పొద్దుటి చోట్లోనే, అదే వెడల్పున. ఆచారి కూడా నెమ్మదిగా వచ్చి పక్కన నిలిచాడు.

"ఇదంతా నా చెయ్యేనా?" అంది సుష్మ చివరికి. ఏడుపు గొంతు కాదు. ఫోటోలో తనను తాను మొదటిసారి చూసుకున్న పిల్లలా అడిగింది.

"కామలో తప్పు ల్యా పాపా" అన్నాడు ఆచారి. "అది చానా గొప్పది. అయితే గట్టిది. పొద్దున నీ చెయ్యి దాన్ని వంచింది. ఇప్పుడు వంచలేకపోతాంది. వంగకుంటే అది నీ మాట ఇనదు. మెత్తది అలసినా నీతో వస్తాంది. రెండేండ్లు పోనీ, నీ చెయ్యి గట్టిపడనీ. అప్పుడది అరవై వేలకూ పనికొస్తాది. ఇప్పుడు ఊరికే ఇచ్చినా నీకు వద్దు."

మహానందమ్మ కూతురి మొహం వైపు చూడలేక చూసింది. "మే, నీకు కావాలంటే కొంటాం. నిజంగా. దుడ్ల కోసరం పిలవలా నేను."

"తెలుసు మా." సుష్మ కిందికి వంగి ఒక ఎర్రచుక్కను వేలితో తాకింది. "ఇది నాకు ఊరికే వచ్చిందని నేను దీని మొగమే చూడలా. మూడున్నరప్పుడు కూడా ఈడనే పడతాంది." లేచి చెయ్యి దులుపుకుంది. "రేపే తిరిగిచ్చేస్తా. వాళ్లు కట్టెను చూసి నవ్వితే నవ్వనీ. మధ్యాన్నం రౌండు దాకా నవ్వనీ."

యెషయా మిరపలోంచి బంతులు ఏరుకొచ్చి చేతికిచ్చాడు. ఆచారి హెల్మెట్ అడుగుదామనుకుని, మహానందమ్మ మొహం చూసి ఊరుకున్నాడు. సుష్మ అరవై వేల కామకు ఉన్న దుమ్మును తన చున్నీతో కొసదాకా తుడిచి, ఒక్కసారి ఎండకు ఎత్తి చూసి, సంచిలో పెట్టింది. పాత కామకు తలకాయ బిగించింది.

"పోదామా మా? ఆరింటి బస్సుందంట."

మహానందమ్మ కదల్లేదు. "ఇంగోటి కొట్టుమే."

"చేతులు లేస్తాల్యా మా. లెక్క అయిపోయింది గదా."

"లెక్కకు కాదు. పొద్దున్నుంచి నేను పడేదే చూస్తాండా. ఎగిరేది ఒక్కటే చూసినా. నీ పక్కన నిలబడి ఇంగోటి చూస్తా."

సుష్మ తల్లిని ఒకసారి వింతగా చూసి, బంతి నిలబెట్టింది. భుజాలు దించి ఊపిరి వదిలింది. మహానందమ్మ కూతురికి నాలుగడుగుల దూరంలో నిలబడి రెండు కళ్లూ తెరిచే ఉంచింది. నడుము తిరగడం చూసింది. పాతకామ వంగి, వెనకబడి, చివరి క్షణంలో పిల్ల చేతిని అందుకుని నిటారు కావడం చూసింది. చూశానా, అనిపించిందా అని ఆమెకే అనుమానం. ఠంగుమంది.

పడమటి వెలుగులో బంతి బంగారపు గింజై ఎక్కింది. ఎక్కుతూనే ఉంది. మహానందమ్మ మెడ దానితోపాటే పైకి లేచింది.

కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతున్న యెషయా గట్టుమీంచి అడిగాడు. "పడెనా అక్కా?"

"ఇంగా ల్యా" అంది మహానందమ్మ.